కోతి దినాలు

పల్లిచేను గట్టున కూర్చున్న తండ్రి, పొద్దున్నే గీయించుకున్న గుండును తడుముకుంటున్నాడు. పాలమూరులో డిగ్రీ చదివే కూతురు వచ్చి పక్కన కూలబడింది.

"కరెంటు తీగ తగిలి సచ్చిన కోతికి గుండు గీయించుకున్నవ్, ఇయ్యాల దినాలని ఊరందరికి బువ్వ పెడుతున్నవ్. ముప్పై ఏండ్లు మన చేన్ల కష్టం చేసిన మాసయ్య తాత గూడ అదేనాడు పాయె. ఆయన దినాలు గూడ ఇయ్యాలనే. పోయి ఒక్క ముద్ద తిని రారాదు నాయినా?"

"వాళ్లింట్ల మనం తింటమా? కోతంటే ఆంజనేయస్వామి, బిడ్డా. మన సొంత మనిషి లెక్క."

"నిజమే. జన్యువులు చూస్తే కోతికి, మనకు నూటికి తొంభై మూడు పాళ్లు ఒకటేనంట. మా సారు చెప్పిండు."

తండ్రికి సైన్సు మీద మొదటిసారి గురి కుదిరింది.

"సూసినవా! జర గీ మాట బువ్వ బంతిల అందరికి చెప్పు."

"మరి మనకు, మాసయ్య తాతకు ఎంతో అడగవేంది?"

"ఎంతంట?"

"వెయ్యిల తొమ్మిదొందల తొంభై తొమ్మిది ఒకటే. ఒక్కటే తేడా."

తండ్రి మాసయ్య కష్టం చేసిన చేను వైపు తిరిగి చూశాడు. మనసు మారిందేమోనని కూతురు ఆశగా లేచి నిలబడింది. ఆయన కూడా లేచి, తువ్వాల దులిపి గుండుకు చుట్టుకున్నాడు.

"గా ఒక్కటి ఉన్నది చూడు బిడ్డా, మన పెద్దలు ఇన్నేండ్లు కాపాడుకుంటొచ్చింది గదే."