కిటికీ కింద నిలబడిన ద్రోసిస్ గురించి

నా పేరు సంబాతియోన్. తండ్రి పేరు మేనియోస్. వయసు యాభై నాలుగు. పాంటికాపియం నగరంలోని యూదుల ప్రార్థన మందిరంలో పరిచారకుణ్ణి. తలుపులు తీయడం, గ్రంథపు చుట్టలు అందించడం, ఊడవడం నా పని. నగరాధికారి గారి ముందు ఇది నా రెండో వాంగ్మూలం. మొదటిది ఈ పెరితియోస్ నెల ఆరో తేదీన ఇచ్చాను.

ద్రోసిస్ అనే ఆమె నికాసో అనే విధవరాలి బానిస. పదకొండేళ్ల కిందట నికాసో ఆమెను మా మందిరంలో అందరి ఎదుట విడుదల చేసింది. ఆ మాట రాతి మీద చెక్కించి గోడలో పెట్టాము. ద్రోసిస్ ఎక్కడికైనా పోవచ్చు, ఎవరూ అడ్డగించరాదు, మందిరానికి మాత్రం విడవకుండా రావాలి, యూదుల సమాజం ఆమెకు అండగా ఉంటుంది అని అందులో ఉంది. రోజూ దాని కిందే ఊడుస్తాను గనుక నాకు కంఠతా వచ్చు. ద్రోసిస్ ఒక్క విశ్రాంతి దినమూ తప్పలేదు. ఒక్కటి కూడా తప్పలేదు.

ఈసారి చలి మొదలయ్యే ముందు ఆమె రేవులో చేపలు ఊరవేసే తొట్ల దగ్గర పనికి కుదిరింది. ఎన్నిసార్లు కడుక్కున్నా ఆ కంపు పోదు. ఆడవాళ్లు ముక్కులు మూసుకుని, "కడుపులో తిప్పేస్తోందయ్యా, ఏదో ఒకటి చూడు" అని నా ప్రాణం తీశారు. నేను గుమ్మంలో ఆమెను ఆపాను.

"అమ్మాయ్, ఈ ఒక్క వారానికి బయట కిటికీ కింద నిలబడు. అంతా వినిపిస్తుంది. ఆమేన్ అక్కణ్ణుంచే చెప్పు" అన్నాను.

"దేవుడికి చెవులే గానీ ముక్కుండదా, పెద్దన్నా?" అంది. ఇద్దరమూ నవ్వాము. ఆమె వెళ్లి నిలబడింది.

మరుసటి వారం తనే వెళ్లి కిటికీ కింద నిలబడింది. నేను లోపలికి రమ్మనలేదు. అలా పదిహేను వారాలు. మంచు పడ్డాక రేవు నుంచి చేపల జాడీల చుట్టూ వేసే గడ్డి తెచ్చి పాదాలకు చుట్టుకునేది. అందరి ఆమేన్ అయిపోయాక ఆమెది కొంచెం ఆలస్యంగా వినిపించేది. ప్రార్థన ముగిశాక చూస్తే కిటికీ కింద రెండు పాదాల మేర మంచు కరిగి ఉండేది. అది చూసి కూడా నేను పిలవలేదు.

ఈ లోగా నికాసో చనిపోయింది. ఆమె తమ్ముడి కొడుకు గోకోన్, ద్రోసిస్ మందిరానికి రావడం మానేసి షరతు తప్పింది గనుక మళ్లీ తన బానిసే అని ఫిర్యాదు చేశాడు. ఆరో తేదీ ఉదయం విచారణకు వెళ్తుంటే మా మందిరం పెద్ద ఫిలోతెయోస్ నా చెయ్యి పట్టుకుని, "అడిగినంత వరకే చెప్పు. మనవాళ్లే ఆమెను బయట నిలబెట్టారని ఊరంతా చెప్పుకోవాలా? మన ఇంటి గుట్టు పరాయివాళ్ల ముందు విప్పకు" అన్నాడు.

అధికారి గారు, "ఈ పదిహేను వారాల్లో ద్రోసిస్‌ను మందిరం లోపల చూశావా?" అని అడిగారు.

"చూడలేదు" అన్నాను.

"నేను బయట నిలబడ్డానండీ" అంది ద్రోసిస్.

"బయట మా కుక్క కూడా నిలబడుతుంది" అన్నాడు గోకోన్. జనం నవ్వారు.

అధికారి గారు నా వైపు తిరిగి, "ఇంకేమైనా చెప్పాలా?" అన్నారు. ఆమె నా మొహం వంకే చూస్తోంది. నేను ఏమీ లేదన్నాను. ఫిలోతెయోస్ కూడా నోరు విప్పలేదు. అండగా ఉంటామని రాతి మీద రాయించుకున్నవాళ్లం మేమే.

తీర్పు గోకోన్ వైపే వచ్చింది. తొమ్మిదో తేదీ మధ్యాహ్నం అతను ఆమెను బండెక్కించాడు. ఊరి ముందున్న జలసంధి గడ్డకట్టింది గనుక బండ్లు అవతలి ఒడ్డుకు మంచు మీదే పోతున్నాయి. నేను బండి పక్కన పరిగెత్తాను. ఏం చెబుదామని పరిగెత్తానో నాకే తెలియదు.

"ఒక్క వారమన్నావు, పెద్దన్నా" అంది. "లోపలికి రమ్మంటావని ప్రతి వారం తలుపు వైపే చూశాను."

కాలు జారి మంచు మీద పడ్డాను. లేచేసరికి బండి దూరం వెళ్లిపోయింది.

ఆమెను అవతల ఎవరో వర్తకుడు కొని ఇంకా దూరానికి తీసుకుపోయాడని, ఇప్పుడు ఇది రాయించినా లాభం లేదని ఇది రాస్తున్న గుమాస్తా ముందే చెప్పాడు. నాకూ తెలుసు. అయినా రాయమన్నాను. మొన్న విశ్రాంతి దినం. అందరూ ఆమేన్ అన్నాక నేను ఆగి విన్నాను. ఏమీ వినపడలేదు. రాయి మాత్రం గోడలో అలాగే ఉంది, పొద్దున దాని కింద ఊడ్చి వచ్చాను.

సర్వోన్నతుడైన దేవుని ఎదుట చెబుతున్నాను, ఇందులో ఉన్నదంతా నిజం. ఆరో తేదీన నేను చెప్పింది కూడా నిజమే. ఆమె లోపల లేదు.

(సంతకం) సంబాతియోన్, మేనియోస్ కొడుకు
పెరితియోస్ నెల, పద్నాలుగో తేదీ