పన్నెండో తేనెపెట్టె

హలో… ఆ, నేనే. ఈ ఇంట్లో ఇంకెవరు ఎత్తుతారు మరిదీ…

తిన్నాను. గుమ్మడిగింజల నూనె నీకూ ఒక సీసా తీసిపెట్టాను… ఇప్పుడా? పెరట్లో. తేనెపెట్టెల దగ్గర…

రోజిక చెప్పిందా? అనుకున్నా. ఇక్కడ దాని రొట్టెల కొట్లో నేను తుమ్మితే, ల్యుబ్లానాలో నువ్వు ‘చిరంజీవ’ అంటావు…

అవును. పన్నెండో పెట్టెకి చెప్పలేదు.

మీ అన్న పోయిన రోజు, మన ఆచారం ప్రకారం, ఇంటి తాళంచెవి తీసుకుని ఒక్కో పెట్టెనీ దాంతో మూడుసార్లు తట్టాను. ‘వెండెల్ పోయాడు, ఇక నేనే మీ యజమానురాలిని’ అని పదకొండింటికి చెప్పాను. చివరిది… దాని ముందు పలక మీద బొమ్మ గుర్తుందిగా? పెళ్ళైన ఏడాది ఆయనే వేశాడు. మేకని పట్టుకుని నేను… ఆ, మేకే బాగుందని ఊరంతా నవ్వారు. నువ్వూ నవ్వావులే.

అక్కడ చెప్పకుండానే వెనక్కి వచ్చేశాను గేజా…

అడగకేం. ఫాదరుగారు అడిగారు, రోజిక అడిగింది. అన్నిటికీ చెప్పేశానన్నాను. రోజిక నమ్మినట్టు లేదు…

ఏమైందా? గుమ్మడి పొలాలన్నీ పూతమీదున్నాయి. ఆ పదకొండు పెట్టెల ఈగలూ పనిలోకి పోతున్నాయి. ఇవి పోవు. మేకుకి తగిలించిన ఆయన టోపీని పట్టుకుని వేలాడుతున్నాయి. సాయంత్రం ఆయన వచ్చే వేళకి మరీ హోరు… అదే. వినిపిస్తోందా?…

తెలుసు. చెప్పకపోతే యజమాని వెనకాలే పోతాయి. పొద్దున పెట్టె ముందు చచ్చిపడినవి గుప్పెడు ఎత్తిపోశాను…

నావల్ల కాదు. ఈ ఊళ్ళో ఆయన కోసం ఎదురుచూసేవి ఇవే. ఇవీ, నేనూ…

గేజా, నువ్వు ఫోన్ చేసి పలకరించగానే నేను కాసేపు మాట్లాడను, గమనించావా?… ఫోను పాడై కాదు. నీ గొంతు అచ్చం ఆయనదే.

నువ్వు చెప్పు వాటికి…

పిచ్చి పట్టలేదు నాకు. ‘వచ్చాను’ అని మాత్రం అనకు. ఉన్నదే చెప్పు… ఆగు, తట్టనీ. ఒకటి… రెండు… మూడు. ఫోను పలకకి ఆనించాను. ఊఁ.

…………

ఇంకోసారి. నెమ్మదిగా… ఆయన మాట్లాడినట్టు.

…………

హోరు తగ్గింది. టోపీ మీంచి లేస్తున్నాయి… ఒక్కొక్కటే లోపలికి పోతున్నాయి…

ఆ, విన్నాయి…

లేదు, ఏడవట్లేదు… విన్నాను గేజా. నేనూ విన్నాను.

రాత్రి చెమ్మ దిగుతోంది. టోపీ లోపల పెట్టేస్తా… ఉంటాను.