మైల లేని ఇల్లు

ఈ డెబ్బై తొమ్మిది ఎండాకాలంలో దెబ్బ తిన్నది మావోడు కదా బావా, మరి ఈ వెలి మాకెందుకు? చలికాలం కూడా వచ్చేసింది.

కూర్చో, కూర్మారావు బావా. తెలుగోళ్ళ సంఘానికి పెద్దవి. టీ తాగు. ఏటి, ఇప్పుడే తాగొచ్చావా? అందరూ ఇప్పుడే తాగొత్తన్నారులే. మా ఇంట్లో పీనుగ లేవలేదు, పురుడు రాలేదు. అయినా ఈ టాటానగర్ పక్క బిర్సానగర్‌లో మనోళ్ళెవరూ మా గడపలో మంచినీళ్ళు ముట్టరు. కీడు తీరని ఇల్లట. బతికున్నోడికి మైల పట్టారు, బాగుంది.

నా కొడుకు సూర్యం చేసిన తప్పేటి? కంట్రాక్టరు మనిషి సీతారాం ఓ కూలి పిల్లని జుట్టు పట్టుకుని ఈడుత్తంటే, "ఒగ్గేయ్" అన్నాడు. వాడు ఇనప రాడ్డుతో వీడి మొహం మీద కొట్టాడు. పట్టపగలు, టీకొట్టు ముందర. నేనక్కడే ఉన్నాను. నువ్వూ ఉన్నావు. పోలీసులొచ్చేసరికి చూసినోళ్ళలో ఒకడు సోనారి పేటలో ఉన్నాడట, ఒకడు మాంగో పేటలో పెళ్ళికెళ్ళాడట. టీకొట్టు అప్పన్నకైతే పొయ్యి పొగకి కళ్ళు మండాయట. కన్ను పోయింది మావోడికి, కనబడనిది మీకు.

పలకరింపుకొచ్చినోళ్ళంతా ఒకటే అడిగారు, "ఆడికెందుకూ?" అని. సీతారాంని అడిగినోడు లేడు.

ఏటి, రాజీయా? రేపు నేను కోర్టుకెళ్ళకపోతే అంతా సర్దుకుంటాదా? ఎవరికి?

బయట ఆ స్కూటరు ఇంజను ఆపలేదు, వింటన్నావా? కిటికీలోంచి చూసాను. వెనక సీటు మీంచి దిగింది నువ్వు. నడిపిన సీతారాం ఇంకా అక్కడే ఉన్నాడు, మా గుమ్మం వంకే చూత్తన్నాడు. వాడికీ ఓ గ్లాసు టీ పంపమంటావా? వాడైతే తాగుతాడు.

మాటిమాటికీ కిటికీ వేపు చూత్తావేటి బావా? నిన్నూ కొట్టారా? చెప్పకులే. చెప్తే నీ ఇంటికీ ఎవరూ రారు.

మా ఇంటిది నూకాలమ్మ కూడా నీ మాటే అంది. కోర్టో, నేనో తేల్చుకోమంది. సూర్యం "ఛోడ్ దో, నానా" అన్నాడు, వదిలెయ్యమని తెలుగులో చెప్పడానిక్కూడా ఓపిక లేనట్టు. నేను తేల్చుకున్నాను.

వెళ్ళి ఆ సీతారాంతో చెప్పు. ఈ అసిరయ్య రేపొత్తాడు, చూసింది చెప్తాడు. బతికుంటే.

టీ చల్లారిపోయింది, ఒగ్గేయ్. ఆ గ్లాసు నేనే కడుక్కోవాలి. నిన్న టాటానగర్ స్టేషన్‌లో తల్లీకొడుకులు ఊరి బండెక్కేసారు. ఉన్న ఒక్క కన్నూ సూర్యం నా వైపు తిప్పలేదు.