మబ్బుల్లోకి వెళ్ళేవాళ్ళ పత్రికలు

మధ్యాహ్నం పూట షట్టర్ దించిన కళ్ళద్దాల షాపు. వెనక గదిలో మేనమామ, మేనకోడలు. ఇద్దరి మధ్యా నేల మీద విమానాల పత్రికల కట్టలు.

“ఇదా? ఇది అవతల పడెయ్. బొమ్మలు బాగుంటాయి, అంతే.”

“బొమ్మలు బాగుంటే తప్పేంటి మామయ్యా?”

“తప్పేం లేదు. కొత్త విమానం కొనుక్కునేవాడికి పనికొస్తుంది. ప్రకటన ఇచ్చినవాడి విమానం బాలేదని రాసే మొనగాడు ఇంకా పుట్టలేదు. ఇందులో ప్రతిదీ వెన్నలా దిగుతుందట. నేనూ నడిపాను వీటిల్లో ఒకటి. బస్తా పడేసినట్టు దిగింది.”

“నీ చేతిలో కాబట్టేమో.”

“ఆఁ, అను అను. నిన్న గాక మొన్న రేటింగ్ వచ్చింది, అప్పుడే మామయ్యని అనేంతదానివయ్యావు.”

“ఆ మాట ఎత్తకు.”

“ఏ మాట? రేటింగా? ఎందుకెత్తకూడదే? కిటికీలోంచి ఏమీ కనపడకపోయినా, ముందున్న డయళ్ళలో ముళ్ళు చూసుకుంటూ విమానం నడపగలదు ఈ అమ్మాయి అని సర్కారువాళ్ళు రాసిచ్చారు. మన ఇంటావంటా లేని విద్య. ఇన్నేళ్ళు ఎగిరాను, నాకే రాలేదు.”

“నువ్వు పరీక్షకి కూచోలేదుగా.”

“కూచోలేదు. రాలేదనడానికి అదో మర్యాద. సరే, ఇది చూడు. ఇదీ వద్దు. వారం వారం ఎక్కడికో ఎగిరి వెళ్ళి, భోంచేసి, ఫొటోలు దిగి వస్తారు. చదివితే ఆకలేస్తుంది గానీ ఒక్క ముక్క తలకెక్కదు.”

“మరి నాలాంటివాళ్ళకి ఏది?”

“నీలాంటివాళ్ళకి రెండు చాలు. రేటింగ్ వచ్చిన కొత్తలో అందరూ ఆరేడు తెప్పించుకుంటారు, మూడో నెలకల్లా అట్టకి అట్ట అంటుకుని మూల పడుంటాయి. రాసేవాడు ఎవడో చూడు. ఇంకా మబ్బుల్లోకి వెళ్తున్నవాడేనా, బల్ల దగ్గర కూచుని రాస్తున్నాడా? ‘నేనిక్కడ బోల్తా పడ్డాను’ అని ఎక్కడైనా ఒప్పుకున్నాడా? ఒప్పుకోనివాడి పత్రిక కొనకు.”

“నాకు మొదటి నుంచీ చెప్పేది కావాలి.”

“మొదటి నుంచీ అంటే?”

“ఏ ముల్లు తర్వాత ఏ ముల్లు చూడాలి, దేని మీద ఎంతసేపు కన్ను నిలపాలి, ఒంటికి ఒకవైపు ఒరిగినట్టు అనిపిస్తుంటే ముల్లు కాదంటున్నప్పుడు దేన్ని నమ్మాలి... అలాంటివి.”

“అవి పరీక్షకి ముందు కదా చదివేది! పన్ను పీకేశాక మత్తు సూది వెయ్యమంటావేంటి పళ్ళ డాక్టరమ్మా?”

“ఉంటే ఇవ్వు మామయ్యా. లేకపోతే లేదను.”

“అబ్బో, కోపం. ఉంది. అదిగో ఆ అడుగు కట్టలో ఉండాలి. నెలకో చిన్న పాఠం, చివర ఓ లెక్క. నేలకి దిగే దారి పటం వేసి, ఇక్కడ ఏం చేస్తావు, అక్కడ ఏం చేస్తావు అని అడుగుతాడు. అది తీసుకో. రెండోది, ఇదిగో, ప్రమాదాల పత్రిక. జరిగిన ప్రమాదాన్ని పొరలు పొరలుగా విప్పి చూపిస్తాడు. చదవడం మొదలెట్టినప్పుడు వాడెవడో వెధవ అనిపిస్తుంది. పేజీ తిప్పేసరికి ఆ వెధవ మనమే.”

“ఆదివారం మన ఫ్లయింగ్ క్లబ్బు కమిటీ కూచున్నాక అందులో నా గురించి రాస్తారు.”

“ఛ! నోరు మంచిదైతే...”

“నిన్న క్లబ్బుకి వెళ్ళాను. టీ పోసుకుంటుంటే గదిలో మాటలు ఆగిపోయాయి. మెకానిక్ నా మొహం చూడకుండా తాళం ఇచ్చాడు. తాళం తీసుకున్నాను గానీ విమానం దాకా వెళ్ళలేకపోయాను. కారులో కూచుని వచ్చేశాను.”

“నాలుగు రోజులు పోతే ఇంకోడెవడో ఏదో చేస్తాడు, నిన్ను మర్చిపోతారు. మీ అమ్మకి చెప్పావా?”

“చెప్పాను. ముందు హుడ్ అంటే ఏంటో అర్థం కాలేదు. గుర్రానికి గంతలు కడతారే, అలాంటిదన్నాను. నుదుటి మీంచి ముందుకి దిగి ఉంటుంది, ముళ్ళు తప్ప బయట ఏమీ కనపడదు, మబ్బులో ఉన్నట్టే సాధన చెయ్యడానికి పెట్టుకుంటామన్నాను. ‘మరి ఎదురుగా ఏదైనా వస్తేనో?’ అంది.”

“నువ్వేమన్నావు?”

“పక్క సీట్లో మామయ్య ఉంటాడుగా, బయటికి చూడ్డమే ఆయన పని అన్నాను.”

“ఊఁ.”

“‘తమ్ముడు చూస్తూనే ఉంటే ఆ రెండో విమానం అంత దగ్గరికి ఎలా వచ్చిందే?’ అంది.”

“మీ అమ్మవి ఎప్పుడూ అడ్డు ప్రశ్నలే. చిన్నప్పుడూ అంతే. ఆ కట్ట ఇలా తొయ్.”

“ఇదా? ఇది వాతావరణం గురించి. బాగుంటుందా?”

“బ్రహ్మాండంగా ఉంటుంది.”

“ఈ సంచికలో ఏమున్నాయో చదివి పెట్టు. అక్షరాలు చిన్నవి.”

“నువ్వే చదువు. నా కళ్ళద్దాలు ముందు గదిలో ఉన్నాయి.”

“కళ్ళద్దాల షాపులో కూచుని కళ్ళద్దాలు లేవంటావా? నీ ముక్కు మీదున్నవేంటి మరి?”

“ఇవి... ఇవి దూరానివి.”

“దగ్గరివే మామయ్యా. నేను లోపలికొచ్చేటప్పటికి వీటితోనే స్క్రూ బిగిస్తున్నావు.”

“స్క్రూ చేతి మీద తెలిసిపోతుంది. ఇప్పుడెందుకీ గొడవంతా? రెండు పత్రికలు చెప్పమన్నావు, చెప్పాను.”

“ఆదివారం కమిటీలో ఏం చెప్తావు?”

“ఏముంది చెప్పడానికి? కొత్త పిల్ల. ముల్లు చూడ్డంలో తప్పింది. విమానం ఉన్నట్టుండి ఎడమకి ఒరిగింది. మన అదృష్టం బాగుండి రెండోదానికి తగల్లేదు. మందలించి వదిలేస్తారు.”

“వదిలెయ్యరు. నన్ను మళ్ళీ పరీక్షకి కూచోబెట్టమని పైకి రాస్తారట. అప్పటిదాకా ఎగరకూడదట. అంతా నువ్వు చెప్పేదాన్ని బట్టే. అక్కడున్నది మనిద్దరమే.”

“పెడితే పెట్టనీ. ఒకసారి నెగ్గినదానివి, రెండోసారి నెగ్గలేవా?”

“ముల్లు తప్పలేదు మామయ్యా.”

“తప్పకపోతే అలా ఎలా ఒరుగుతుంది? నా తల కిటికీకి కొట్టుకుంది!”

“ఆ విమానాన్ని నువ్వు చూశావా?”

“చూడకేం?”

“ఎప్పుడు చూశావు?”

“చూశాను. చెబుదామని నోరు తెరిచేలోపు నువ్వు ఒరిగించావు.”

“ఎటు నుంచి వచ్చింది?”

“కుడి నుంచి. నా వైపు నుంచే.”

“ఏ రంగు?”

“ఏంటే ఇది, పోలీసు స్టేషనా?”

“ఏ రంగు మామయ్యా?”

“తెల్లది. అన్నీ తెల్లవేగా.”

“ఎర్రది. ముక్కు నుంచి తోక దాకా ఎరుపు.”

“ఎండకి అలా... తెల్లగా...”

“మామయ్యా, కిందటేడు పైలటు లైసెన్సుకి కళ్ళ పరీక్ష ఎలా నెగ్గావు?”

“ఆ తలుపు సరిగ్గా వేసుందా చూడు.”

“వేసే ఉంది. ఎవరూ లేరు.”

“ఆ గోడ మీద అక్షరాల బోర్డు ఎన్నేళ్ళ నుంచి ఉందనుకున్నావు? రోజూ దాని కింద నిలబడి, పై వరస చదవండి, కింది వరస చదవండి అంటుంటాను. డాక్టరు దగ్గరా అదే బోర్డు. ఒక్క అక్షరం తేడా లేదు. కన్ను ఎందుకే, నోరుంటే చాలు.”

“ఏ కన్ను?”

“ముందు కుడిది, ఇప్పుడు రెండూ. చుట్టుపక్కల కనపడుతుంది. నడిమధ్యనే, ఎవరో వేలు పెట్టి చెరిపేసినట్టు ఉంటుంది. నీ మొహం చూస్తే చెవులు కనపడతాయి. నవ్వకు.”

“నవ్వడం లేదు.”

“ఊరందరికీ కళ్ళద్దాలు అమ్మేవాణ్ణి. ఎవరితో చెప్పుకోను? చెబితే షాపుకి ఎవడొస్తాడు?”

“తెలిసీ నా పక్కన కూచున్నావు.”

“నువ్వే రమ్మన్నావు. ‘పక్కన నువ్వుంటే ధైర్యం మామయ్యా’ అన్నావు. ఆ మాట అన్నాక, నాకు కళ్ళు కనపడవే అని ఏ మొహంతో చెప్పను? ఇంకొక్కసారి, ఈ ఒక్కసారి అనుకున్నాను. అది ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు పోయిందో నాకు తెలీదు. రేడియోలో కంట్రోల్ టవర్ వాడు అరిచాక తెలిసింది. కిందకి దిగాక అందరూ నిన్ను అంటుంటే... ‘కొత్త పిల్లేగా’ అని ముందు అన్నది నేనే. సిగ్గు లేకుండా అన్నాను.”

“విన్నాను.”

“విన్నావా?”

“వెనకాలే ఉన్నాను. హెడ్‌సెట్ చుట్టుకుంటున్నాను.”

“కొట్టవే నన్ను. ఆ పత్రిక తీసుకుని నెత్తి మీద కొట్టు.”

“నువ్వు రేపు ఇంకెవరి పక్కనైనా కూచుంటావేమోనని నా భయం. అందుకే అడిగాను. నీ మీద పంతానికి కాదు.”

“కూచోను. ఇంక ఎక్కను. ఒట్టు. ఆదివారం అందరి ముందూ నేనే లేచి చెప్తాను. నాకు కనపడలేదు, తప్పు నాది, పిల్లది కాదు అంటాను. నీకు మచ్చ లేకుండా చేస్తాను.”

“నీ కన్ను సంగతి చెప్పు. నా గురించి ఏమీ చెప్పకు.”

“ఎందుకు చెప్పను? ముల్లు తప్పలేదన్నావుగా? అదే చెప్తాను.”

“వద్దంటున్నానా!”

“అరిచావంటే ఏదో ఉంది. ఆగు. ఆగాగు. అది ఎర్రదని నీకెవరు చెప్పారు? టవర్ వాడా? వాడికి తెర మీద చుక్కేగా కనపడేది.”

“వాడు కాదు.”

“అవతలి పైలటా?”

“అతనితో మాట్లాడనే లేదు.”

“నువ్వు హుడ్ పెట్టుకుని ఉన్నావు కదే?”

“కింద సందుంటుంది మామయ్యా. గడ్డం కాస్త ఎత్తితే చాలు.”

“అంటే... చూశావా? చూసి, కావాలనే తిప్పావా?”

“ఊఁ.”

“ఓసి పిచ్చిదానా! మనిద్దరి ప్రాణాలూ కాపాడావు కదే! నేను గుడ్డివాడిలా కూచుంటే నువ్వు చూసి తిప్పావు! దాచుకునే సంగతేనా ఇది? ఆదివారం నేను చెప్తాను, చప్పట్లు కొట్టిస్తాను వాళ్ళ చేత!”

“ఎప్పటి నుంచి అలా చూస్తున్నావని అడుగుతారు కదా.”

“అడిగితే అడగనీ. ఎప్పటి నుంచేంటి?”

“పరీక్షకి ముందు నుంచే. పరీక్షలోనూ అంతే. ముళ్ళని మాత్రమే నమ్మి నేను ఇంతవరకూ ఒక్క మలుపు కూడా తిప్పలేదు మామయ్యా.”