దుంగ కింద తాడు

బారువ తీరం, మధ్యాహ్నం మూడు గంటలు. ముసలి జాలరి ఢిల్లీరావు, అతని కోడలు రూప, మోటారుసైకిల్ మీద వచ్చిన హెడ్‌కానిస్టేబుల్ సోమేశ్వరరావు.

“ఆ దుంగ మీద కూకోకండి బాబూ. తడి.”

“దుంగేటి? ఇది తెప్ప కాదా, ఢిల్లీరావూ?”

“కడితే తెప్ప. ఇప్పితే దుంగలు. ఒడ్డెక్కగానే ఇప్పీయాల. నేకపోతే నీరు పట్టేసి కుళ్ళిపోతాయి.”

“రోజూ కట్టి రోజూ విప్పుతావా? ఊరంతా ఫైబరు బోట్లు కొనుక్కుంటే?”

“కొనుక్కోనీండి.”

“మరి తాడేదీ?”

“నడిమి దుంగ కింద. సుట్ట సుట్టి ఎట్టినాను. ఎండ తగిల్తే కొబ్బరితాడు పెళుసైపోద్ది. మా అయ్య అలాగే ఎట్టీవోడు. మీరు తాడు కోసం రానేదు గదా. ఏటి పని?”

“నీ కొడుకు పని.”

“నాకు కొడుకు నేడు.”

“అదే రాయించుకుందామని వచ్చాను. నీ కొడుకు యువరాజు దీవి జైల్లోంచి పారిపోయి తొమ్మిదేళ్ళయింది. ముగ్గురు తెప్ప కట్టుకుని పారిపోయారు. ఒక్కడూ దొరకలేదు, ఒక్క శవమూ తేలలేదు. ఇచ్ఛాపురం స్టేషన్లో చూశామని ఒకడు, పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ దగ్గర చూశామని ఒకడు. తిరిగి తిరిగి మా చెప్పులరిగాయి. ఇప్పుడు ఫైలు మూసేయమంటున్నారు. ఇంటివాళ్ళ వాంగ్మూలం ఒక్కటే తక్కువ. రాలేదు, ఫోను లేదు, పోయాడనే నమ్ముతున్నాం. అంతే.”

“మావా, మీరు మాటాడుకోండి. నాను మంచినీలు తెత్తాను.”

“నీలు తరవాతమ్మా రూపా. కూకో. నీ గురించే గదా ఈ కాయితం. బాబూ, దీన్తో ఈ పిల్ల పెళ్ళికి అడ్డు తీరిపోద్దా?”

“తీరిపోద్ది. ఫైలు మూస్తే మరణపత్రం వస్తాది. పరారీ ఖైదీ పెళ్ళామని ఇంకెవడూ అనడు. పెళ్ళికొడుకెవరు?”

“నౌపడ కామేశు. ఉప్పు మళ్ళల్లో పని. రెండేళ్ళ నించి ఆగినాడు. కాయితం నేందే ఒప్పుకోమని వాళ్ళ పెద్దలన్నారు. ఈ ఏసంగి దాటితే ఆడూ ఆగడు.”

“అన్నీ సెప్పాలా మావా?”

“సెప్పాల. ముప్పై రెండేళ్ళు నీకు. ఇంకెప్పుడు?”

“సరే, ఢిల్లీరావూ. ఒకవేళ వాడు ఈ తొమ్మిదేళ్ళలో ఎప్పుడైనా వచ్చి…”

“ఒచ్చుంటే నానే మీ టేసనుకి ఈడ్సుకొచ్చుందును. బోటు పనికని దీవులకెల్లి, తాగి, తోటి కళాసీని పొడిసి సంపినాడు. సచ్చినోడికీ తల్లుంది. ఆడు కనబడితే నా సేత్తోనే అప్పగిత్తానని ఈ ఒడ్డు మీదే, ఊరందరి ముందర సెప్పినాను.”

“మీ ఆవిడ ముందర కూడానా?”

“దానికే ముందు సెప్పినాను. పోయి మూడేళ్ళయింది గానీ, మా దేముడమ్మ ఒట్టి రాయి. కొడుకు సముద్దరంలో పోయినాడంటే నెల్లాళ్ళు ఏడిసి మానీసింది. ఆ తరవాత బొట్టు కన్నీరు నేదు. నువ్వు తల్లివేనా అని ఎన్నిసార్లడిగినానో.”

“పోయిన అత్తమ్మని ఇప్పుడేల తిడతావు మావా?”

“తిట్టనేదు. ఉన్నదన్నాను.”

“సర్లే, ఈ ఫొటో చూడు. పారిపోయిన నాలుగో రోజున, దీవికి ఎదురుగా అడవి ఒడ్డున తీసింది. మూడు దుంగలు. అలలకి తాడు తెగి, దుంగలు విడిపోయి, మనుషులు మునిగిపోయారని అక్కడివాళ్ళు రాశారు. తెప్ప సంగతి నీకంటే ఎవరికి తెలుసు? అవునో కాదో చెప్పు.”

“నా కళ్ళజోడు తేమ్మా.”

“నీ జేబులోనే ఉంది మావా.”

“…మూడు దుంగలూ పక్కపక్కనే ఉన్నాయే.”

“అయితే?”

“ఏట్నేదు. అలకి ఎంత దూరం ఇది?”

“బాగా పైకే ఉన్నట్టుంది. పోటుకి కొట్టుకొచ్చుంటాయి.”

“తాడు?”

“రాసుంది. ‘మధ్య దుంగ కింద కొంత కొబ్బరితాడు దొరికినది.’ జైల్లో వాళ్ళ చేత తాళ్ళు పేనిస్తారట. ఎందుకడుగుతున్నావు?”

“ఊరికినే.”

“వెనక్కి తిప్పు. మీ ఆవిడ వేలిముద్ర ఉంటాది. అప్పుడు మా వాళ్ళే వచ్చి చూపించారు. నువ్వు వేటకెళ్ళావట. చూసి ‘నాకేటీ తెల్దు’ అందట.”

“నాకు సెప్పనేదే. ఎప్పుడిది?”

“తేదీ ఉంది కదా. వాడు పారిపోయిన సరిగ్గా నెలకి.”

“నెలకి.”

“ఏమయింది?”

“నెలకే మానీసింది.”

“ఏటి మానేసింది? ఢిల్లీరావూ, నాకు టైము లేదు. ఇది విడిపోయిన తెప్పేనా? కాదంటే కాదను, ఫైలు మూయం. మళ్ళీ వెతుకుతాం.”

“మావా…”

“ఉండమ్మా. ఇడిపోయిందే బాబూ. రాసుకోండి. సేతగాని ముడి. తాడు తెగిపోయింది. సముద్దరం మింగీసింది. కలం ఇలాగియ్యండి.”

“వేలిముద్ర చాలు.”

“అయిదు సదివినాను. సంతకమే ఎడతాను.”

“మంచిది. పనయిపోయింది. ఏమ్మా, పెళ్ళి భోజనానికి పిలువు.”

“దుంగలు తొక్కకుండా ఎల్లండి బాబూ.”

“మావా.”

“ఏటి? కామేశుకి ఫోన్ సెయ్యి.”

“తాడు తెగిపోయిందని సంతకం ఎట్టినావు.”

“ఎట్టినాను. అయితే ఏటి?”

“నువ్వు అబద్దమాడగా నానెప్పుడూ సూణ్ణేదు.”

“ఏటబద్దం?”

“తెగిన తాడు నడిమి దుంగ కిందకి ఎలాగెల్తాది?”

“నోరుముయ్యి. బండి ఇంకా మలుపు తిరగనేదు.”

“తిరిగిపోయింది.”

“సూడు రూపా. నువ్వేటీ సూణ్ణేదు. నాకు కొడుకు నేనట్టే ఆడు నీకూ నేడు. ఒడ్డెక్కినాడని మనసు మార్సుకున్నావంటే నీ బతుకు ఇక్కడే ఉప్పు సేపలాగ ఎండిపోద్ది. ఎల్లు. నౌపడ ఎల్లిపో.”

“ఎల్తాను. ఒడ్డెక్కి తొమ్మిదేళ్ళు కబురంపనోడు బతికితే నాకేటి, సత్తే నాకేటి? ఆ ఏడుపు నాకెప్పుడో అయిపోయింది.”

“ఎప్పుడో ఏటి? నీకిప్పుడే గదా తెలిసింది.”

“అత్తమ్మ సావుకి ముందు సెప్పింది. ‘ఇడిపోనేదే రూపా, ఇప్పినాడు, వాళ్ళయ్య ఇప్పినట్టే ఇప్పినాడు’ అని. నవ్వింది కూడా.”

“నవ్విందా?”

“నవ్వింది.”

“ఆరేళ్ళు. ఒక్క కొంపలో ఆరేళ్ళు. నాను రాయివన్నాను, తల్లివేనా అన్నాను. అన్నీ పడింది. నీకు సెప్పింది. మరి నాకేల సెప్పనేదే?”

“నీ సేత్తో అప్పగిత్తావని, మావా.”