మైనస్ గుర్తు

మామగారు గీసిన కొత్త ఫ్యాన్ రెక్కను కోడలు కంప్యూటర్‌లో పరీక్షిస్తోంది. ఆమె సరేనంటేనే రెక్కను పోతపోసే అచ్చు చేయిస్తారు.

“ఈ రెక్క పనికిరాదు మామయ్యా. గాలి వెనక్కి వస్తోంది.”

“ఈ వంపుతోనే నా పాత రెక్కలన్నీ ముప్పై ఏళ్లుగా గాలిని ముందుకే తోశాయమ్మా! తెర మీద ఫ్యాన్ ఎటు తిరుగుతోంది?”

“కుడికి.”

“మరి మనది ఎడమకి కదా?”

“అయ్యో! ఎడమకి తిరగాలంటే వేగం ముందు మైనస్ పెట్టాలి, మరిచాను.”

ఆమె మళ్లీ లెక్క వేయించింది. ఈసారి తెర మీద గాలిని చూపే బాణాలన్నీ ముందుకు సాగాయి.

“గాలి బ్రహ్మాండంగా వస్తోంది. కాకపోతే రెక్క కొస దగ్గర చిన్న సుడి ఉంది. అక్కడ గుండ్రం చేస్తే చప్పుడు తగ్గుతుంది.”

ఆయన తెర మీదికి వంగాడు. ముప్పై ఏళ్లుగా వింటున్న చప్పుడు ఎక్కడ పుడుతుందో ఇవాళే చూశాడు.

“గుండ్రం చేసేద్దాం. తప్పు నీదొకటి, నాదొకటి. చెల్లుకు చెల్లు!”