కొప్పెన్‌బర్గ్ గుట్ట, అవ్వ గేరు

"గొప్పలకు పోవడం కాదు గానీ, మొన్న ఆదివారం సైకిలు మీద కొప్పెన్‌బర్గ్ గుట్ట ఎక్కాను, అంతే," అంటూ గ్రీటక్క కాఫీ కొట్లో బల్ల మీద మోచేతులు ఆనించాడు యోరిక్.

"అందరూ ఎక్కేదేగా," అన్నాడు ఓడిల్ తాత.

"ఎక్కుతారు తాతా, ముందు చిన్న చక్రం, వెనక పళ్లెమంత పళ్లచక్రం, ముసలవ్వలైనా తొక్కగలిగే తేలిక గేరు, అదే అవ్వ గేరు వేసుకుని! నేనో? ముందు పెద్దది, వెనక అన్నిటికంటే చిన్నది, తొక్కడానికి అన్నిటికంటే బరువైన గేరు. గ్రీటక్కా, మీ చెల్లెలు ఫెన్నా అప్పటికే అవ్వ గేరులో కాళ్లు గిరగిరా తిప్పుకుంటూ సగం గుట్ట ఎక్కేసింది. నాకు ఆ జడ తప్ప ఏం కనిపించట్లేదు. ఒక్క తొక్కు తొక్కాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చైను తెగింది."

"రాళ్లు లేచాయి తాతా! బాటలో పరిచిన రాళ్లన్నీ పెళ్లగిలి లేచి, నా చక్రంతో పాటు ఓ చుట్టు తిరిగి, వెనకాల మళ్లీ వాటంతటవే సర్దుకున్నాయి, ముందుకంటే నున్నగా. రెండో తొక్కుకి నా ఊపుకి పక్కూరి గాలిమర వెనక్కి తిరిగి, ఆడించిన పిండి మళ్లీ గోధుమలైపోయింది. మూడో తొక్కుకి నా నీడ కిందే ఉండిపోయింది. పైన ఆగి దాని కోసం ఎదురుచూశాను!"

"మరి ఫెన్నా?" గ్లాసు తుడుస్తూ అడిగింది గ్రీట్.

యోరిక్ గొంతు తగ్గింది.

"పైనే ఉంది. హెల్మెట్ తీసి గట్టు మీద కూర్చుంది. పక్కన నాకు చోటుంచింది. వాఫిల్ అట్టు విరిచి సగం ఇచ్చింది. అక్కణ్ణించి ఎన్ని ఊళ్లు కనిపిస్తాయో అక్కా... ఏవేవో చెప్పుకుంటూ చాలాసేపు కూర్చున్నాం."

"కూర్చుంది, నిజమే. చోటుంచింది, అదీ నిజమే," అంది గ్రీట్. "చివరికి రెండు సగాలూ తనే తిని, చలికి వణుక్కుంటూ ఇంటికొచ్చింది. 'అక్కా, ఆ మొండోడు ఈ వారం కూడా సగంలోనే దిగిపోయి, సైకిలు నడిపించుకుంటూ వెనక్కి పోయాడే' అంది. ఒరే, అవ్వ గేరు అవ్వల కోసం కాదురా. అందులో ఎక్కితే పక్కనున్న మనిషితో మాట్లాడ్డానికి ఊపిరి మిగులుతుంది."

యోరిక్ ఖాళీ కప్పు పక్కకు జరిపాడు.

"నా బండికి అది బిగించడానికి ఎంతసేపు పడుతుందంటావు అక్కా?"

"బిగించే ఉందిరా," అంది గ్రీట్. " ఒక్కసారైనా వాడితేగా!"

తాత నవ్వబోయి, కుర్రాడి మొహం చూసి ఆగాడు.

"అక్కా," అన్నాడు యోరిక్ మెల్లిగా, "వచ్చే ఆదివారం కూడా చోటుంచుతుందంటావా?"

"అది పైకెక్కి నువ్వే చూసుకోవాలి."